మతిమరుపు తొలిమెట్టు మీద వర్చువల్ రియాలిటీ శిక్షణ

వయసు మళ్లినవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి ఆ వయసుకు ఉండాల్సిన దానికంటే తగ్గినా, రోజువారీ పనులు ఇంకా సొంతంగా చేసుకోగలుగుతున్న దశను వైద్యులు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారు. క్లుప్తంగా ఎంసీఐ. ఈ దశలో ఉన్నవారి చేత కంప్యూటర్ సృష్టించిన వంటింట్లో, వీధిలో, దుకాణంలో పనులు చేయించి బుర్రకూ ఒంటికీ కలిపి కసరత్తు ఇవ్వడమే వర్చువల్ రియాలిటీ శిక్షణ, అంటే వీఆర్ శిక్షణ. ఇటలీ, హాంకాంగ్, ఇజ్రాయెల్, తైవాన్, దక్షిణ కొరియాలలో దీన్ని పరీక్షించి చూశారు. కొన్ని ఫలితాలు ఆశ కలిగిస్తున్నాయి. రోజువారీ పనులకు కూడా అడ్డొచ్చేంత మతిమరుపు జబ్బు డిమెన్షియాను ఇది ఆపుతుందని మాత్రం ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు.

ఎంసీఐ అంటే

డెబ్బై దాటిన ఒక ఇల్లాలిని ఊహించుకోండి. పండక్కి పదిమందికి వండి వడ్డిస్తుంది. పాల లెక్క తనే చూసుకుంటుంది. మనవడి ఫీజు గడువు తనే గుర్తుచేస్తుంది. కానీ ఏడాదిగా పులుసులో ఉప్పు వేశానా లేదా అన్న అనుమానం రోజూ వస్తోంది, ఒక్కోసారి రెండోసారి వేసేస్తోంది. పొద్దున చెప్పిన సంగతే మధ్యాహ్నం కొత్తగా చెబుతోంది. ఇలా జరుగుతోందని ఆమెకే తెలుసు, ఆమె దిగులంతా అదే. దీన్ని వయసుతో వచ్చే మామూలు మరుపు అని కొట్టిపారేయలేం. అలాగని డిమెన్షియా అనీ అనలేం. ఈ రెంటి మధ్య ఉన్న సన్నని గట్టు పేరే ఎంసీఐ.

ఈ దశకు స్పష్టమైన కొలమానాలు ఏర్పడింది 1999లో. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రోనాల్డ్ పీటర్సన్ బృందం వాటిని ప్రతిపాదించింది. మొదట జ్ఞాపకశక్తి ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకున్నారు. 2003లో స్టాక్‌హోమ్‌లో నిపుణులు సమావేశమైన తర్వాత దాని హద్దులు పెరిగాయి. మరుపు లేకపోయినా మాట వెతుక్కోవడం, పనికి ప్రణాళిక వేసుకోలేకపోవడం, దారి తెలియకపోవడం ప్రధానంగా ఉన్నవారు కూడా ఇందులోకి వచ్చారు. పరీక్షకు ఎక్కువగా వాడే మోకా ప్రశ్నావళిని కెనడాలో జియాద్ నస్రుద్దీన్ బృందం 2005లో ప్రచురించింది. అది 30 మార్కుల పరీక్ష. చదువు తక్కువైన వారికి ఆ మార్కులను ఉన్నదున్నట్టు వర్తింపజేస్తే పొరపాటు జరుగుతుంది.

అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2018లో ఇచ్చిన అంచనా ప్రకారం 60-64 ఏళ్లవారిలో 6.7 శాతం మందికి, 70-74 ఏళ్లవారిలో 10.1 శాతం మందికి, 80-84 ఏళ్లవారిలో 25.2 శాతం మందికి ఎంసీఐ ఉంటుంది. ఎంసీఐ ఉన్న 65 దాటినవారిని రెండేళ్లు గమనిస్తే వారిలో 14.9 శాతం మందికి డిమెన్షియా వచ్చింది. మిగతావారిలో చాలామంది ఉన్నచోటే ఉంటారు, కొందరు మామూలు స్థితికి తిరిగి వస్తారు కూడా. ఈ చివరి మాటను కుటుంబాలు గట్టిగా పట్టుకోవాలి. థైరాయిడ్ లోపం, బీ12 విటమిన్ లోపం, నిద్రలేమి, డిప్రెషన్, వినికిడి తగ్గడం, కొన్ని రకాల మాత్రలు కూడా ఇలాంటి మరుపునే తెస్తాయి. వాటిలో చాలావాటికి చికిత్స ఉంది. హెడ్‌సెట్ కొనాలనే ఆలోచన రక్తపరీక్ష, చెవిపరీక్ష అయ్యాకే రావాలి.

పరికరం

1968లో ఇవాన్ సదర్లాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తలకు తొడిగే తెరను తయారుచేశాడు. తల తిప్పితే తెర మీది బొమ్మ కూడా దానికి తగ్గట్టు మారేది. ఆ యంత్రాన్ని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. వర్చువల్ రియాలిటీ అనే పేరును 1980లలో జారన్ లానియర్ ప్రచారంలోకి తెచ్చాడు. అప్పటినుంచి దాదాపు పాతికేళ్లు ఇది ప్రయోగశాలల్లో, సైనిక శిక్షణలో ఉండిపోయింది. 2016లో ఓక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ హెడ్‌సెట్లు మార్కెట్లోకి వచ్చాక ఆసుపత్రులకు అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాత కంప్యూటర్, వైర్లు అక్కర్లేని హెడ్‌సెట్లు వచ్చాయి. వాటిలో ఒకటైన క్వెస్ట్ 2 బరువు 503 గ్రాములు. సన్నబడిన మెడ మీద అర కిలో అంటే తక్కువ బరువేమీ కాదు.

వైద్య పత్రికల్లో వీఆర్ అన్న మాట చదివినప్పుడు కాస్త ఆగి చూసుకోవాలి. కొన్ని అధ్యయనాల్లో అది కళ్లను పూర్తిగా కప్పేసే హెడ్‌సెట్. మరికొన్నింటిలో గోడంత తెర, దాని ముందు నిలబడ్డ మనిషి కదలికలను పట్టే కెమెరా. ఇంకొన్నింటిలో బల్ల మీది కంప్యూటర్, చేతిలో జాయ్‌స్టిక్ మాత్రమే. మూడింటినీ ఒకే గాటన కట్టి, ఫలితాలను కలిపి లెక్కలు వేయడం వల్ల ఈ రంగంలో చాలా గందరగోళం ఏర్పడింది.

ఎందుకు పనిచేయవచ్చు

మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం కొత్త జ్ఞాపకాలను పోగుచేస్తుంది. మనం ఎక్కడున్నామో గుర్తుపట్టేదీ అదే. ఉన్న చోటును బట్టి స్పందించే అక్కడి స్థలకణాలను జాన్ ఓకీఫ్ 1971లో కనుగొన్నాడు. దాని పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో చుట్టూ ఉన్న స్థలాన్ని గళ్లుగా కొలిచే జాలకణాలను మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం 2005లో ప్రకటించింది. ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. అల్జీమర్స్ వ్యాధిలో టౌ అనే ప్రోటీన్ ముడులు పడటం ఆ ఎంటోరైనల్ ప్రాంతం చుట్టూనే మొదలవుతుందని జర్మనీకి చెందిన హీకో బ్రాక్, ఎవా బ్రాక్ 1991లో చూపించారు. కాబట్టి పేర్లు మరిచిపోవడంతో పాటు దారి తప్పడం కూడా తొలి లక్షణాల్లో ఒకటి కావడంలో ఆశ్చర్యం లేదు.

దీన్ని కేంబ్రిడ్జ్‌లో డెనిస్ చాన్ బృందం చక్కగా పరీక్షించింది. 2019లో వచ్చిన ఆ అధ్యయనంలో 45 మంది ఎంసీఐ రోగులు, 41 మంది ఆరోగ్యవంతులు హెడ్‌సెట్ పెట్టుకుని విశాలమైన మైదానంలో నడిచారు. ఒక గుర్తు కనిపిస్తుంది, అక్కడికి నడవాలి. అది మాయమై రెండోది, దాని తర్వాత మూడోది కనిపిస్తుంది. చివరికి ఏ గుర్తూ లేని నేల మీద మొదట నిలబడ్డ చోటికి తిరిగి వెళ్లాలి. వెన్నునీటి పరీక్షలో అల్జీమర్స్ ఆనవాళ్లు బయటపడ్డ ఎంసీఐ రోగులు ఆ చోటుకు ఎక్కువ దూరంలో ఆగిపోయారు. మామూలు కాగితం పరీక్షల కంటే ఈ నడక పరీక్షే వారిని బాగా వేరుచేసి చూపింది. కాగితం మీద మనిషిని నడిపించలేం. వీఆర్‌కు ఉన్న అసలు బలం అదే.

ఇదే కోవలో మరో సంగతి. సీ హీరో క్వెస్ట్ అనే ఫోన్ ఆటతో 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మంది దారి పట్టే నేర్పును కొలిచిన అధ్యయనం 2022లో వచ్చింది. నగరాల బయట పెరిగినవారు సగటున మెరుగ్గా దారి కనిపెట్టారు. పొలం గట్ల మీద, డొంక దారుల్లో తిరుగుతూ పెరిగిన మన పెద్దల తరానికి ఈ మాట సంతోషం కలిగిస్తుంది.

రెండో కారణం నడక. 1997లో స్వీడన్ పరిశోధకులు చిన్న పరిశీలనతో పెద్ద విషయం పట్టుకున్నారు. నడుస్తున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే, సమాధానం చెప్పడానికి ఆగిపోయే వృద్ధులు తర్వాతి నెలల్లో ఎక్కువగా పడిపోయారు. నడక, మాట రెండూ ఒకేసారి నడిపించడానికి మెదడులో మిగులు శక్తి కావాలి. ఎంసీఐలో మొదట కరిగేది ఆ మిగులే. రోడ్డు దాటుతూ, మోటార్ సైకిలు చూసుకుంటూ, సంచిలో ఏం కొనాలో గుర్తుంచుకోవడం కుర్రవాళ్లకు ఒక్క పని, వీరికి మూడు పనులు. ఆ మూడింటినీ ప్రమాదం లేకుండా కలిపి సాధన చేయించడానికి వీఆర్ గది అనువైన చోటు.

పరీక్షించి చూసినప్పుడు

తొలి ప్రయత్నాల్లో ఒకటి ఇటలీలో జరిగింది. ఒక వృద్ధాశ్రమంలో జ్ఞాపకశక్తి తగ్గిన 36 మందితో గాబ్రియేలే ఒప్తాలే బృందం చేసిన పరీక్ష 2010లో అచ్చయింది. వారి సగటు వయసు 80 దగ్గర. సగం మందికి వీఆర్ దారుల్లో తిరిగే శిక్షణ, మిగతావారికి సంగీత చికిత్స ఇచ్చారు. వీఆర్ వర్గం జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగైంది, రెండో వర్గం నెమ్మదిగా తగ్గుతూ పోయింది. హాంకాంగ్‌లో 2012లో 44 మందితో చేసిన పరీక్ష మరో కోణం చూపింది. 20 మందికి వీఆర్ ఇల్లు, దుకాణంలో సాధన. 24 మందికి అవే దృశ్యాలను రంగు బొమ్మల కాగితాల మీద చూపిస్తూ థెరపిస్టు ఎదురుగా కూర్చుని చెప్పిన పాఠం. పరీక్ష మార్కులు వీఆర్ వర్గంలో ఎక్కువ పెరిగాయి. తమ జ్ఞాపకశక్తి బాగుందన్న ధీమా మాత్రం మనిషి ఎదురుగా కూర్చుని నేర్పిన వర్గంలోనే ఎక్కువ. నా దృష్టిలో ఆ రెండో ఫలితానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

ఈ రంగంలో నేను అన్నిటికంటే పైన పెట్టేది వీ-టైమ్ అనే పరీక్ష. 2016లో లాన్సెట్‌లో వచ్చింది. టెల్ అవీవ్‌కు చెందిన అనాత్ మిరెల్మన్, జెఫ్రీ హౌస్‌డార్ఫ్ నాయకత్వంలో బెల్జియం, ఇజ్రాయెల్, ఇటలీ, నెదర్లాండ్స్, బ్రిటన్ దేశాల్లో జరిగింది. 60 నుంచి 90 ఏళ్ల మధ్య వయసుండి, అంతకుముందు ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు పడిపోయిన 302 మందిని తీసుకున్నారు. ఎంసీఐ ఉన్నవారూ, పార్కిన్సన్స్ ఉన్నవారూ వారిలో ఉన్నారు. ఆరు వారాల పాటు వారానికి మూడుసార్లు 45 నిమిషాల చొప్పున ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. వారిలో సగం మందికి ఎదురుగా పెద్ద తెర. కెమెరా వారి పాదాలను పట్టి తెర మీద చూపిస్తుంది. దారిలో అడ్డంకి వస్తుంది, కాలెత్తి దాటాలి. దారి రెండుగా చీలుతుంది, ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి. ఇంతలో పక్క నుంచి ఏదో కదిలి చూపు లాగుతుంది, అయినా అడుగు తప్పకూడదు.

ట్రెడ్‌మిల్ నడక రెండు వర్గాలకూ ఒకటే. తేడా తెరలో ఉంది. శిక్షణ తర్వాత ఆరు నెలలు వారు ఇంట్లో, వీధిలో ఎన్నిసార్లు పడ్డారో లెక్కపెట్టారు. వీఆర్ కలిపిన వర్గంలో ఆరు నెలలకు సగటున 11.9 సార్లున్నది 6కు తగ్గింది. ఒట్టి నడక వర్గంలో 10.7 నుంచి 8.3కు వచ్చింది, ఆ తగ్గుదల గణాంకపరంగా నిలవలేదు. ఈ పరీక్షను నేను ఎందుకు పైన పెడతానంటే, అది కొలిచింది తెర మీది మార్కులను కాదు. మనిషి సొంత ఇంటి గడప దగ్గర ఏమైందో కొలిచింది.

తైవాన్‌లో 2019, 2020ల్లో వచ్చిన అధ్యయనాలు ఎంసీఐ ఉన్న 34 మంది మీద జరిగాయి. 12 వారాల్లో 36 తరగతులు. ఒక వర్గం హెడ్‌సెట్, కదలికలను పట్టే కెమెరాలతో తాయ్‌చీ చేసింది, కిటికీ అద్దాలు తుడిచింది, చిన్న వలతో బంగారు చేపలను పట్టింది, మెట్రో రైలెక్కింది, దుకాణం వెతుక్కుంది, వంట చేసింది, కొట్లో గుమాస్తాగా సరుకులు అందించింది. ఇవన్నీ తైవాన్ వృద్ధుల రోజువారీ జీవితంలోంచి తీసుకున్న పనులే. రెండో వర్గం వ్యాయామాన్నీ, బుర్రకు పని చెప్పే అభ్యాసాలనూ వీఆర్ లేకుండా చేసింది. రెండు వర్గాలూ బాగుపడ్డాయి. కానీ ఫోన్ చేసుకోవడం, బజారు చేయడం, వండుకోవడం లాంటి పనుల్లో వీఆర్ వర్గమే ఎక్కువ మెరుగైంది. ఏదో పని మీద మనసు పెట్టి నడిచినప్పుడు నడక కుదురుకున్నది కూడా ఆ వర్గంలోనే.

దక్షిణ కొరియాలో 2020లో 68 మందితో చేసిన పరీక్షలో వీఆర్ వర్గం ఎనిమిది వారాలు, వారానికి మూడు రోజులు పళ్లరసం చేయడం, కాకులను కొట్టడం లాంటి ఆటలాడింది. అంకెలనూ అక్షరాలనూ మార్చిమార్చి వరుసగా గీతతో కలిపే పరీక్షలోనూ, నడక వేగంలోనూ వారు మెరుగయ్యారు. అయితే పోలిక కోసం పెట్టిన వర్గం వారానికి ఒక్కసారి ఆరోగ్య పాఠానికి వచ్చింది. ఇంటి నుంచి బయటకు రావడం, నలుగురితో మాట్లాడటం కూడా మందులాంటిదే. అది ఒకరికి మూడింతలు అందినప్పుడు లాభమంతా హెడ్‌సెట్ ఖాతాలో రాయడం సరికాదు.

ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో 57 మంది ఎంసీఐ, డిమెన్షియా రోగులకు ఒకే పనిని వీఆర్‌లోనూ కాగితం మీదా ఇచ్చి చూశారు. వారు వీఆర్‌నే ఇష్టపడ్డారు. పెద్దవాళ్లకు కొత్త యంత్రాలంటే పడదన్న అపోహకు 2016 నాటి ఈ అధ్యయనం గట్టి జవాబు.

తరగతి ఎలా సాగాలి

కుర్చీకి చేతులుండాలి, చక్రాలుండకూడదు. మొదటిరోజు ఐదు పది నిమిషాలు చాలు. కళ్లజోడు మీద హెడ్‌సెట్ సరిగా కూర్చుందో లేదో, వినికిడి యంత్రం పెట్టుకున్నారో లేదో చూడాలి. నిలబడి చేసే పనైతే పక్కన ఒక మనిషి చేతికందే దూరంలో ఉండాలి. కదులుతున్నావని కన్ను చెబుతుంది, కూర్చునే ఉన్నావని లోపలి చెవి చెబుతుంది. ఆ రెంటికీ పొత్తు కుదరక కొందరికి కళ్లు తిరిగి, కడుపులో తిప్పుతుంది. అలా అనిపించిన క్షణమే ఆపేయాలి, ఓర్చుకోమనకూడదు. మూర్ఛ ఉన్నవారు, తల తిరుగుడు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ పరికరం పెట్టుకోకూడదు.

ఇక పని కష్టం. మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే అవమానం. ఎంసీఐ ఉన్న మనిషికి తన లోపం తెలుసు కాబట్టి ఓటమి లోతుగా గుచ్చుకుంటుంది. పదిలో ఏడెనిమిది గెలిచేలా మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయే థెరపిస్టు చేతిలోనే ఈ పరికరానికి విలువ.

ఇంకా తేలనివి

అధ్యయనాల్లో ఎక్కువ భాగం చిన్నవి. ముప్ఫై నలభై మంది, రెండు మూడు నెలలు. శిక్షణ ఆగిన ఏడాదికి ఏం మిగిలిందో చూసినవి అరుదు. ఎవరికి హెడ్‌సెట్ పెట్టారో వారికి దాచిపెట్టడం కుదరదు కాబట్టి ఉత్సాహం వల్ల పెరిగిన మార్కులను వేరుచేయడం కష్టం. కంప్యూటర్ ఆధారిత శిక్షణ మొత్తం మీద, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2019లో చేసిన సమీక్షకు 12 వారాలకు తక్కువ కాని పరీక్షలు ఎంసీఐలో ఎనిమిదే దొరికాయి. వాటిలో ఉన్నది 660 మంది. డిమెన్షియాను ఆపుతుందా లేదా అన్నది వాటితో తేలలేదు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మెదడు శిక్షణ ఇవ్వవచ్చని అంటూనే, ఆధారం బలహీనమని స్పష్టంగా రాసింది.

ఈ లోపు వ్యాపారం ముందుకు ఉరికింది. మెదడు ఆటలతో మతిమరుపు తగ్గుతుందని ఆధారం లేకుండా ప్రచారం చేసినందుకు 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లుమోసిటీ సంస్థ చేత 20 లక్షల డాలర్లు కట్టించింది. అసలు చిక్కు ఏమిటంటే, ఆడిన ఆటలో నేర్పు పెరగడం సహజం. ఆ నేర్పు ఆట దాటి వంటింట్లోకి రావాలి. వీఆర్ వంటింట్లో వంద మార్కులు తెచ్చుకున్న ఇల్లాలు తన పొయ్యి దగ్గర ఉప్పు రెండుసార్లు వేయడం మానిందా? పరీక్ష చేసేవారు ఈ ప్రశ్న అడగనంతకాలం మార్కుల పెరుగుదలకు పెద్దగా అర్థం లేదు.

తెలుగువారి సంగతి

2023లో వెలువడిన లాసీ-డాడ్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. నగరాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. హెడ్‌సెట్లు ముందుగా చేరేది మాత్రం నగరాల్లోని పెద్ద ఆసుపత్రులకు.

డిమెన్షియా పరిశోధనలో హైదరాబాద్‌కు పేరుంది. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక ఫలితం ప్రకటించింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, ఆఫీసులో హిందీయో ఇంగ్లీషో మాట్లాడే నగరం కాబట్టే ఆ పరిశోధన అంత చక్కగా కుదిరింది. భారత వైద్య పరిశోధన మండలి మెదడు పరీక్షల సంపుటి తయారుచేసిన ఐదు భాషల్లో తెలుగు ఒకటి. అంటే మన పెద్దలను మన భాషలో పరీక్షించే సాధనం చేతిలో ఉంది.

మన భాషలో శిక్షణ ఇచ్చే సాధనం కూడా కావాలి. మెట్రో రైలు, చైన్ స్టోర్ తైవాన్ పెద్దాయనకు బతుకు. గుంటూరు పెద్దాయనకు ఆర్టీసీ బస్టాండులో తన ఊరి బస్సు బోర్డు చదివి ఎక్కడం, చిల్లర సరిచూసుకోవడం బతుకు. రైతుబజారులో కిలో వంకాయలు, పావుకిలో పచ్చిమిర్చి గుర్తుపెట్టుకుని బేరమాడి కొనడం, నీళ్లు వచ్చే వేళకు మోటారు వేసి ట్యాంకు నిండగానే ఆపడం, మూడు రకాల మాత్రలను పూటకు పూట వేసుకోవడం, ఇవన్నీ పాఠాలు కాగలవు. మాట వినిపించే తీరు కూడా ముఖ్యమే. శ్రీకాకుళం అవ్వకూ ఆదిలాబాద్ అవ్వకూ తమ మాటలోనే సూచన వినిపిస్తే చేయి తడబడదు. మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఏటా వేల ప్రాజెక్టులు చేస్తారు. ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టునూ, ఒక నాయనమ్మనూ పక్కన కూర్చోబెట్టుకుని వారిలో కొందరు ఈ పని ఎత్తుకోవాలని నా కోరిక.

అప్పటిదాకా ఇంటివారు చేయగలిగింది ఉంది. అమెరికా న్యూరాలజీ అకాడమీ ఎంసీఐకి 2018లో సూచించింది వారానికి రెండుసార్లు వ్యాయామం. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. నాన్నతో సాయంత్రం నడవండి. నడుస్తూ పాత ఊరి వీధుల పేర్లు వరుసగా చెప్పమని అడగండి, రోడ్డు దాటేటప్పుడు మాత్రం మాట ఆపండి. ఎవరైనా వీఆర్ శిక్షణ కేంద్రం పేరు చెబితే డబ్బు కట్టే ముందు ఒక్కటి అడగండి: ఈ మూడు నెలల తర్వాత మా అమ్మ ఇంట్లో ఏ పని సొంతంగా చేసుకోగలుగుతుంది, దాన్ని మీరు మా ఇంటికి వచ్చి చూస్తారా?